రెండో వార్డుకి ఆరు ప్యాకెట్లు

నేను ఒక ఒప్పందాన్ని. కాగితం మీద కాదు, రెండు కంప్యూటర్ల మధ్య. దూరంగా ఉన్న కంప్యూటర్‌ని పని అడగాలంటే ఏ వివరాలు ఏ వరసలో చెప్పాలో రాసిపెట్టిన నాలుగు పంక్తులే నా ఒళ్లు. తుప్పు పట్టి పోయే యోగం కూడా లేదు.

నన్ను రాసింది యశోధర. జిల్లా ఆసుపత్రి వార్డులు బ్లడ్ బ్యాంకుని రక్తం అడగడానికి. ముందు ఎన్ని ప్యాకెట్లు, తర్వాత ఏ వార్డు, చివర గ్రూపు. ప్రోగ్రామర్లు వీటిని పారామీటర్లంటారు. మూడూ పేర్లు లేకుండా వట్టి వరసతో వెళ్లేవి. రెండు చోట్లా నా నకలు ఒకటే కాబట్టి రెండేళ్లు మర్యాదగానే బతికాను.

ఆమె వెళ్లిపోయాక ఫణిభూషణ్ వచ్చాడు. నర్సులు చీటీ మీద ముందు వార్డు నంబరే రాస్తారని, నన్నూ అలాగే తిప్పి రాశాడు, వార్డుల వైపు మాత్రమే. బ్లడ్ బ్యాంకులో పాత నకలు అలాగే ఉండిపోయింది. మనుషులకి చక్కదిద్దే సరదా ఎక్కువ, అవతలివాళ్లకి చెప్పే ఓపిక తక్కువ.

అలా తిప్పి రాసిన రోజు మధ్యాహ్నమే రెండో వార్డులో బాలింత రేవతికి రక్తం ఆగలేదు. నర్సు ఆరు ప్యాకెట్లు అడిగింది. బ్లడ్ బ్యాంకు తెర మీద మాత్రం ఆరో వార్డుకి రెండు ప్యాకెట్లని పడింది. రెండూ అంకెలే, యంత్రానికి అనుమానం ఎందుకొస్తుంది? తప్పని నాకు తెలుసు, చెప్పడానికి నోరు లేదు. అలాంటి నరకం పగవాడికి కూడా వద్దు.

ఇదివరకు టెక్నీషియన్ మార్తమ్మ ఫోన్ చేసి, అడిగింది తిరిగి చదివి వినిపించాకే రక్తం పంపేది. కంప్యూటర్లొచ్చాక ఆ అలవాటు మాన్పించారు. అటెండర్ ఆదెయ్య ఆ రెండు ప్యాకెట్లూ ఆరో వార్డుకి తీసుకెళ్లి, అలాగే తిరిగొచ్చాడు.

"కళ్ల వార్డులో రక్తం ఎవరికమ్మా? నన్ను చూసి నవ్వుతున్నారు."

మార్తమ్మ వరసగా అన్ని వార్డులకీ ఫోన్ చేసింది. రెండో వార్డు నర్సు ఏడుస్తోంది.

"అడిగి అరగంటయింది మేడమ్! బాలింత చల్లబడిపోతోంది, ఆరు పంపండి!"

మార్తమ్మ ఆరూ తనే పట్టుకుని చెప్పుల్లేకుండా పరిగెత్తింది.

సాయంత్రం ఫణిభూషణ్ తల పట్టుకుని కూర్చుని కొత్త ఒప్పందం రాశాడు. ఇప్పుడు వివరాలన్నిటికీ కలిపి ఒకటే కవరు, లోపల ప్రతి వివరం పక్కనా దాని పేరు, రోగి పేరుతో సహా. రెండు చోట్లా తనే మార్చాడు. నన్ను చెరపకుండా కొత్తదాని పైనే కొట్టేసి ఉంచి, "ఇలా రాయకూడదు" అని పక్కన రాశాడు. చెరిపేసినా బాగుండేది. రేవతి ఏమైందో నాకెవరూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున నా కిందనుంచి ఒక కవరు వెళ్లింది. రోగి, రేవతి. వార్డు, రెండు. ప్యాకెట్లు, ఒకటి.

బతికున్నవాళ్లకే కదా రక్తం అడుగుతారు.