కాగితం కదలాలి

గల్ఫ్‌లో యుద్ధం మొదలైన వారమది. ఎలియాజర్ పొద్దున్నే పెళ్ళానికి చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. "మణీ, క్లాసవగానే స్ట్రెయిట్‌గా ఇంటికొచ్చెయ్. ఆ అరబ్బులతో కలిసి నడవమాకు. మనల్నీ వాళ్ళే అనుకుని కుమ్మేస్తారు."

సరేనంది ఏసుమణి. రేపల్లెలో పుట్టిన మనిషి, సిడ్నీలో హారిస్ పార్క్ చర్చి హాల్లో కొత్తగా వచ్చినవాళ్ళకు ఇంగ్లీషు నేర్పుతోంది. లెబనాన్ నుంచి వచ్చిన బుత్రోస్‌కు సోమవారం బస్సు డ్రైవరు ఇంటర్వ్యూ. వయసులో ఆవిడకంటే పెద్దవాడు, మనిషి బంగారం, నాలుకే మొండిది. అరబ్బీలో 'ప' లేదు. అతని నోట పక్క పేట పారమట్టా ఎప్పుడూ బారమట్టాయే.

ఆవిడ అతని పెదాల ముందు సన్నటి కాగితం ముక్క పట్టుకునేది. ఇంగ్లీషు 'ప' అంటే నోటిగాలి తగిలి అది ఎగరాలి. అంత సులువా? మన తెలుగు 'ప'కీ కాగితం కదలదు మరి! తను అద్దం ముందు రెండు నెలలు ఊది ఊది సాధించింది. ఆ మధ్యాహ్నం బుత్రోస్ కాగితం కూడా ఎగిరింది. ఇద్దరూ చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టారు.

ఆ సంబరంలో మొగుడి మాట మరిచిపోయి అతనితో కలిసి స్టేషన్ వైపు నడిచింది. సందు మలుపులో ముగ్గురు తాగుబోతు వెధవలు అడ్డం తిరిగారు.

"అరబ్బువి కదూ? పారమట్టా అను, వదిలేస్తాం," అన్నాడు ఎర్రచొక్కావాడు.

"బారమట్టా," అన్నాడు బుత్రోస్. నేర్చుకున్నదంతా భయానికి ఎటో పోయింది.

దవడ మీద ఒక్క గుద్దు పడింది. "మళ్ళీ అను."

"బా..."

ఈసారి బూటుకాలు కడుపులో దిగింది. పడ్డవాణ్ణి జుట్టు పట్టి లేపి గోడకేసి మోదారు. ఛీ, గొడ్డునైనా అట్లా బాదరు! అతని నోట్లోంచి రెండు పళ్ళు నెత్తురుతో పాటు చొక్కామీద రాలాయి.

ఎర్రచొక్కావాడు సీసా ఎత్తి ఆవిడవైపు తిరిగాడు. "వీడు నీకు తెలుసా?"

"నో. ఐ డోంట్ నో హిమ్."

ఒక్క అక్షరమైనా తడబడలేదు మహాతల్లి! వాడు నవ్వి, ఆ సీసాను బుత్రోస్ నోటిమీద పగలగొట్టాడు. మిగతా ఇద్దరూ పడిపోయినవాణ్ణి పక్కటెముకలు విరిగేదాకా తన్నారు. పోలీసు బండి కూత వినపడ్డాకగానీ పారిపోలేదు.

పోలీసు బుత్రోస్ పక్కన మోకాళ్ళమీద కూర్చున్నాడు. "ఈవిడ నీతో వచ్చిందా?"

బుత్రోస్ తలెత్తి టీచర్ని చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఉన్నా బాగుండేది, ఆవిడకు కాస్త ఊపిరాడేది.

"నో," అన్నాడు. చీలిన పెదాలు రెండూ కష్టంగా దగ్గరికి నొక్కాడు. "జస్ట్... పాసింగ్."

'ప' పలికింది. దాంతోపాటు ఎగిరిన నెత్తుటి తుంపర ఏసుమణి మణికట్టుమీద వెచ్చగా పడింది.

ఓరి నా తండ్రీ, నన్ను కాయడానికా! ఆవిడకు ఏడుపు తన్నుకొచ్చింది. అక్కడే నెత్తుట్లో కూలబడి అతని తల ఒళ్ళోకి తీసుకుంది.

"అబద్ధం చెబుతున్నాడు. నేను ఈయన టీచర్ని," అంది పోలీసుతో. "ముగ్గుర్నీ చూశాను, గుర్తుపడతాను. రాసుకోండి. వాళ్ళడిగితే ఈయనెవరో తెలియదన్నాను. అదీ రాసుకోండి."