దారిలో మాత్రమే మాటలు

దగ్గరగా రండి, ఆ తలుపు వారగా వేసి ఇలా కూర్చోండి. రాజుల కథా కాదు, రాణుల కథా కాదు. చొక్కాలకు గుండీలు కుట్టుకుంటూ బతికిన ఒక మనిషి కథ. ఆమె కాళ్ళ కథ అన్నా తప్పు లేదు.

ఒక రోజు పొద్దున్న పనికి బయల్దేరి ఆమె వీధి మలుపు తిరిగేసింది. తిండి డబ్బా ఉన్న సంచి ఎడమ భుజాన వేలాడుతోంది, కుడి చెయ్యి ఖాళీగా ఊగుతోంది. చెయ్యి ఊగకపోతే కాలు సాగదని ఆమె నమ్మకం. సన్నటి మనిషి. నెరిసిన జుట్టు లాగి ముడి వేసుకోవడం వల్ల చెవులు దొప్పల్లా ముందుకు కనబడతాయి. చూపుడువేలు సూదిపోట్లకు గరుకెక్కింది. పిక్కలు మాత్రం చేవదేరిన కర్రలే. కుట్టుషాపులో ఆమెకంటే చిన్నవాళ్ళు మెట్లెక్కి "అమ్మో, మోకాళ్ళు" అని కూలబడుతుంటే, ఆమె అప్పటికే పై అంతస్తులో సూదిలోకి దారం ఎక్కిస్తూ ఉండేది. అక్కడ అందరికీ ఆమె గుండీలమ్మ.

"ఈ మోకాళ్ళు ఏ కొట్లో కొన్నావు గుండీలమ్మా?" అని అడిగేవాళ్ళు.

"కొన్నవి కావే, వాడినవి. వాడకపోతే తుప్పు పడతాయి" అనేది.

రొట్టెల కొట్టు ముందు వేడి వాసనకి ఆమె అడుగు కాస్త నెమ్మదించేది. ఆ పూటకి ముక్కు ఫలహారం అక్కడే అయిపోయేది. ఆ పక్కనే తాళాలు బాగుచేసే ముసలాయన షట్టరు ఎత్తలేక తంటాలు పడుతుంటే తనూ ఒక చెయ్యి వేసేది. "ఊళ్ళో తాళాలన్నీ తీస్తాను గానీ, నువ్వు రాకపోతే నా కొట్టు నేను తెరుచుకోలేను" అనేవాడాయన రోజూ. రోజూ ఇద్దరూ కొత్తగా విన్నట్టే నవ్వేవాళ్ళు. ఎవరింటికి సున్నం వేశారో, ఏ మేడమీద పసివాడికి పళ్ళొచ్చాయో ఆమెకు తెలియనిది లేదు. వంతెన ఎక్కితే చల్లటి గాలి. ఇంటి దగ్గర పట్టుకున్న దిగులు ఏదైనా సరే, ఆ వంతెన దాటి వెంట వచ్చేది కాదు.

కానీ ఆ దారంటే ఆమెకు అంత ప్రాణం కావడానికి అసలు కారణం వేరు. తోటికోడలితో ఆమె మాట్లాడగలిగే చోటు లోకం మొత్తం మీద అదొక్కటే.

అన్నదమ్ములిద్దరూ ఇల్లు పంచుకుని మధ్యన గోడ కట్టుకున్నప్పుడు, వంటింటి కిటికీ తమ్ముడి వాటాలోకి పోయింది. "వెలుతురు కూడా మూట కట్టుకుపోయావటే" అంది గుండీలమ్మ. "పిల్లలు లేని ఇంటికి అంత వెలుతురెందుకు?" అంది తోటికోడలు చిన్నామె. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం. ఆ రోజు నుంచి ఒకే గేటు, రెండు తలుపులు, మాటల్లేవు. మగవాళ్ళిద్దరూ ఒకరి వెనక ఒకరు పోయారు, గోడ మాత్రం ఉంది. చిన్నామె కొడుకు ఒక్కడే పసితనం నుంచీ రెండు వాకిళ్ళూ తనవే అన్నట్టు తిరిగేవాడు.

ఇద్దరికీ పని ఒకే షాపులో. పైన ఈమె గుండీలు కుడితే, కింద ఆమె చొక్కాలు మడత పెట్టేది. మొదట్లో ఒకరు ముందు, ఒకరు వెనక, మధ్యలో నలుగురు పట్టేంత ఎడంతో నడిచారు. ఒక వానలో చిన్నామె చెప్పు తెగింది. వెనక వస్తున్న గుండీలమ్మ సంచిలోంచి సూదీ దారం తీసి, వంగి, చెప్పుకి నాలుగు కుట్లు వేసి, "వాన తగ్గేట్టు లేదు, పద" అంది. పద అన్నాక పక్కపక్కన నడవక తప్పలేదు, నడిచాక మాట్లాడక తప్పలేదు. అప్పటినుంచి అదే వరస. దారిలో మాటలు, గేటు దగ్గర మౌనం. ఎవరూ పెట్టిన నియమం కాదు. పక్కపక్కన నడిచేవాళ్ళు మొహాలు చూసుకోనక్కర్లేదు కదా, అందుకని నోరు తేలిగ్గా పెగిలేది.

ఇప్పుడు ఆ దారికే గండం వచ్చింది. చిన్నామె కొడుకు కారు కొన్నాడు. "అమ్మా, పెద్దమ్మా, ఇంక మీ కాళ్ళకి సెలవు" అని ఇద్దర్నీ వెనక సీటులో కూర్చోబెట్టాడు. తలుపులు వేసి అద్దాలెత్తితే కారూ ఒక గదే. గదిలో వాళ్ళకి మాటల్లేవు. రెండు బస్తాల్లా కూర్చుని ఎవరి కిటికీలోంచి వాళ్ళు చూసుకుంటూ వెళ్ళారు. మర్నాడు గుండీలమ్మ "కడుపులో తిప్పుతోందిరా నాన్నా" అని తప్పుకుంది. చిన్నామె మాత్రం కొడుకు ముచ్చట కాదనలేక ఎక్కింది. అలా కొన్ని వారాలు. గుండీలమ్మ తాళాలాయనతో నవ్వుతూనే ఉంది గానీ, ఆ మాటలు ఈ జన్మకి మళ్ళీ దొరకవేమో అన్న బెంగ ఒకటి వంతెన దాటి కూడా వెంట రావడం మొదలెట్టింది.

ఈ పూట వంతెనకి ఇవతల బళ్ళన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయి ఉన్నాయి. హారన్లు చెవులు చిల్లులు పొడుస్తున్నాయి. సైకిళ్ళవాళ్ళు సందుల్లోంచి చేపల్లా జారిపోతున్నారు. గుండీలమ్మ చెయ్యి ఊపుకుంటూ పోతూ తెలిసిన కారు దగ్గర ఆగింది. లోపల కొడుకు స్టీరింగుని మద్దెలలా వాయిస్తున్నాడు. వెనక చిన్నామె మొహం కందగడ్డలా ఉంది. గుండీలమ్మ అద్దం మీద తట్టింది.

"ఏరా నాన్నా, కారు కొన్నావా, ఇల్లు కట్టావా? కదలదేం?"

"నువ్వు కూడా మొదలెట్టకు పెద్దమ్మా. అమ్మ సణుగుడు చాలు."

"నేనేం సణిగానురా? కాళ్ళు తిమ్మిరెక్కాయన్నాను" అంటూనే చిన్నామె తలుపు తీసుకుని దిగింది. "నువ్వు నెమ్మదిగా రా. ఈలోపు నేను పోయి నాలుగు చొక్కాలు మడత పెట్టుకుంటాను."

"అమ్మా! ఇంకాసేపట్లో కదులుతుంది!"

"కదిలితే దారిలో కనబడతావుగా. చెయ్యి ఊపుతాలే."

షాపు మెట్లెక్కుతూ ఇద్దరూ వెనక్కి తిరిగి చూశారు. కారు జాడ లేదు. చిన్నపిల్లల్లా నోటికి చెంగులు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు.

ఆ రోజు గుండీలమ్మ సూది పరుగెత్తింది. నాలుగు కన్నాల్లోంచి అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, గుండీ మెడకి దారం చుట్టి, ముడి వేసి, పంటితో పుటుక్కున కొరికేది. ఆమె కుట్టిన గుండీ ఊడిందని ఏ చొక్కా వెనక్కి వచ్చింది లేదు.

సాయంత్రం చిన్నామె, కొడుక్కి రావద్దని కబురు పెట్టి, షాపు గేటు దగ్గర నిలబడి ఉంది. చలిగాలి మొదలైంది. గుండీలమ్మ శాలువ కప్పుకుంది. వంతెన మధ్యకి వచ్చేదాకా చిన్నామె షాపు మేస్త్రీ కొత్త విగ్గు గురించీ, అది ఫ్యాను గాలికి లేచిన తీరు గురించీ చెప్పింది. అక్కడ గొంతు మార్చింది.

"అక్కా, ఆ మాట…"

"ఏ మాట?"

"తెలియనట్టు అడక్కు. కారులో అడుగుదామనుకున్నా. వాడు ముందు కూర్చుంటే ఎలా అడగను? ఇంట్లో నీ గుమ్మం దాకా వచ్చి ఎన్నిసార్లు తిరిగిపోయానో."

గుండీలమ్మ ఆగలేదు, తలా తిప్పలేదు. కాసేపు చెయ్యి మాత్రం ఊగలేదు.

"ఆ మాటా? అది రోజూ నాతోపాటే నడిచిందే. నడిచీ నడిచీ అరిగిపోయింది. ఇప్పుడు వెతికినా కనబడదు. ఏడవకు, ఎదురుగా బస్సొస్తోంది, చూసి నడువు."

మాటలో మాట పడి గేటు ఎప్పుడు దాటారో ఇద్దరికీ తెలియలేదు. తెలిసేసరికి గుండీలమ్మ చిన్నామె వంటింట్లో కుర్చీలో కూర్చుని ఉంది. ఎదురుగా కిటికీ. దాన్ని చాలాసేపు చూసింది.

"ఇంతేనటే? ఇన్నేళ్ళూ ఇంకా పెద్దదనుకున్నానే!"

చిన్నామె స్టవ్ మీద టీ పొంగించేసింది. కొడుకు గుమ్మంలో నిలబడి ఇద్దరినీ చూసి, మాట్లాడితే ఏం చెడుతుందోనని అలాగే వెనక్కి తగ్గాడు. గోడకి ఇవతల, ఇంట్లో కూర్చుని వాళ్ళు చీకటి పడేదాకా చెప్పుకున్నారు. లేస్తుంటే చిన్నామె అంది, "శాలువ మర్చిపోతున్నావక్కా."

"ఉండనీలే. రేపు పొద్దున్న తీసుకుంటా."

పొద్దున్న ఆమె లేవలేదు. దుప్పటి ముడతైనా పడలేదు. ఆఖరి రోజు వరకూ తన కాళ్ళ మీద తనే తిరిగిన మనిషి, ఒకరికి బరువు కాకుండా నిద్రలోనే వెళ్ళిపోయింది. దారి పొడుగునా ఉన్నవాళ్ళంతా వచ్చారు. నడిచే వచ్చారు.

చిన్నామె ఇప్పటికీ నడిచే పనికి పోతుంది. కొడుకు కారు ఇంటి దగ్గర వదిలి, వంతెన దాకా ఆమెతో నడిచి, అక్కడ బస్సెక్కుతాడు. ఇంట్లో ఎన్నడూ చెప్పని సంగతులు ఆ దారిలో వాడి నోట వస్తున్నాయట.

గుర్తుంచుకోండి దీన్ని. మీవాళ్ళెవరితోనైనా పక్కపక్కన నడిచేటప్పుడు చెప్పండి. ముగింపు తొందరగా దాటెయ్యకండి, ఆ వంటింట్లో కాసేపు నిలబడనివ్వండి: కిటికీ వెలుతురులో ఒక కుర్చీ, దాని వీపు మీద, రేపు తీసుకుంటానన్న శాలువ.