కిటికీల మేస్త్రీ

"తొమ్మిది. కావాలంటే నువ్వూ లెక్కపెట్టుకో," అంటూ ష్యూలువాన్ అన్నం తినే వెదురుపుల్లల గొట్టాన్ని బల్ల మీద బోర్లించింది. "అయిదు జతలు కొన్నాను. ఒంటి పుల్లతో అన్నం ఎవరు తింటారు? ఫ్యాక్టరీలో వీపు గోక్కోవడానికి పట్టుకెళ్ళావా?"

వెన్‌చిన్ గంజి గిన్నెలోంచి తల ఎత్తలేదు. "నాకేం తెలుసు," అన్నాడు.

"పెళ్ళయిన రోజు నుంచీ అదే మాట." ఆమె కుండ మీద మూత విసిరింది. అది ఎగిరి నేల మీద పడి గిరగిరా తిరిగింది. కూతురు పెయ్‌జెన్ చెప్పుకాలితో దాన్ని తొక్కిపట్టి, "పొద్దున్నే మొదలెట్టారా," అని పుస్తకాల సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

పుల్ల ఎక్కడుందో వెన్‌చిన్‌కు తెలుసు. చెబితే మరో పది నిమిషాలు పడుతుందని చెప్పలేదు. స్కూటరెక్కి తైచుంగ్ నగర శివార్లలో, ఇనుప రేకును అచ్చులో పెట్టి నొక్కే ప్రెస్సుల ఫ్యాక్టరీకి బయలుదేరాడు.

పొట్టి మనిషి. యాభై ఆరేళ్ళకే భుజాలు ముందుకు ఒరిగాయి. చూపుడువేళ్ళ కొసలు అణిగి బల్లపరుపుగా ఉంటాయి. చెవి వెనక ఎప్పుడూ ఒక పెన్సిల్. ఆ ఫ్యాక్టరీలో ప్రతి ప్రెస్సు పక్కనా ఉండే టెర్మినల్ తెర మీద కనిపించేదంతా అతను కట్టినదే. బొమ్మలుండవు, రంగులుండవు. నల్లటి తెర మీద పసుప్పచ్చ గీతలతో గళ్ళు, గళ్ళలో అక్షరాలు. ముందు గళ్ళ కాగితం మీద పెన్సిల్‌తో గీసుకుంటాడు. తెర మీది ఒక్కో చట్రాన్ని కిటికీ అంటాడు; తమ చైనీస్ అక్షరం ఒక్కోటి రెండు గడులు తింటుంది కాబట్టి, కిటికీ అంచు అక్షరం నడుమ పడకుండా చూసుకోవాలి. ఒకదాని మీద ఒకటి తెరుచుకుని, పైది మూయగానే కిందది చెక్కుచెదరకుండా బయటపడే కిటికీలు. మామూలు వాటికి ఒంటి గీత. హెచ్చరిక కిటికీకి మాత్రం జంట గీత. కార్మికులు అతన్ని కిటికీల మేస్త్రీ అంటారు.

నాలుగో ప్రెస్సు దగ్గర, దాన్ని నడిపే అహోక్ అప్పటికే పనిలో ఉన్నాడు. నూట అరవై టన్నుల దిమ్మ దిగినప్పుడల్లా నేల అదిరి, తెర మీద గీతలు వణుకుతున్నాయి.

"మేస్త్రీ, వదిన తిట్టిందా ఇవాళ?"

"తిట్టింది."

"మొహం చూస్తేనే తెలుస్తోందిలే." అహోక్ నవ్వి, టెర్మినల్ మీద పడుకోబెట్టిన వెదురుపుల్ల అందుకున్నాడు. రెండు నెలల కిందట వెన్‌చిన్ ఇచ్చిందే. దిమ్మ కింద చెయ్యి ఉంటే పసిగట్టే సెన్సరు కన్నుకు జిడ్డు పట్టినా, అది మొరాయించినా, జంట గీత కిటికీ తెర నడిమధ్యకు వచ్చేది. ప్రెస్సు ఆగిపోయేది. కన్ను తుడిచి, కీబోర్డు మీద మీట నొక్కితే గాని కదిలేది కాదు. నూనె చేతితొడుగుతో నొక్కితే మీటలు పాడవుతాయని ఆ పుల్ల.

"ఇంక ఇది పట్టుకెళ్ళిపో. మూడు వారాలుగా నీ కిటికీ రావడమే మానేసింది. కన్ను బాగుచేయించారు కదూ?"

వెన్‌చిన్ తెర వంక చూశాడు. ముక్కల లెక్క చూపే కిటికీ దిగువ అంచు కింద, సన్నగా, జంట గీత ఒకటి తొంగిచూస్తోంది. తెలియనివాడికి అది అలంకారంలా ఉంటుంది.

"ఉండనీ," అన్నాడు.

మూడు వారాల కిందట యజమాని లియావ్ వక్క నములుతూ వచ్చి, చేతిలోని రెంచీతో అతని బల్లను కొట్టాడు. "నీ కిటికీ వచ్చినప్పుడల్లా నా ప్రెస్సు నోరు తెరుచుకుని నిలబడుతోంది. దాన్ని కిందకి తొయ్యి. ప్రెస్సును ఆపకు." వెన్‌చిన్ ప్రోగ్రాములో రెండు వరుసలు మార్చాడు. ఏ కిటికీ ముందు గీయాలో ఒకటి, మీట కోసం ఆగాలా వద్దా అన్నది ఒకటి. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఇప్పుడు అతను తన గది తలుపు దాకా వెళ్ళాడో లేదో వెనక దిమ్మ దిగింది. రోజూ వినే చప్పుడు కాదు. మెత్తగా మొదలై గట్టిగా ముగిసింది.

అహోక్ కుడిచెయ్యి భుజం దాకా అచ్చు లోపల ఉంది. ఛాతీ ఇనుప అంచుకు నొక్కుకుపోయింది. నోరు తెరిచే ఉంది గాని కేక రాలేదు. ఇద్దరు చక్రాన్ని చేత్తో తిప్పి దిమ్మను పైకి ఎత్తేసరికి నాలుగు నిమిషాలు పట్టింది. ఎత్తాక రక్తం తెర మీదికి చిమ్మింది. దాని వెనక పసుప్పచ్చ లెక్క ఇంకొకటి పెరిగి ఆగింది. ఆ ముక్కను కూడా లెక్కేసుకుంది.

అంబులెన్స్ వెళ్ళాక లియావ్ వెన్‌చిన్ గదిలోకి వచ్చి తలుపు గడియ పెట్టాడు.

"రేపు తొమ్మిదింటికి ఇన్‌స్పెక్టర్ వస్తాడు. కిటికీ పైకి తీసుకురా. హెచ్చరిక వచ్చినా అహోకే పట్టించుకోలేదని చెబుదువు గాని."

వెన్‌చిన్ కీబోర్డు ముట్టుకోలేదు.

"వినపడలేదా?" లియావ్ బల్ల మీది కీబోర్డును తీగతో సహా పీకి అతని మొహానికేసి కొట్టాడు. మీటలు రాలి నేల మీద చెల్లాచెదరయ్యాయి. కనుబొమ చీలి రక్తం కంట్లోకి కారింది. లియావ్ మెడ పట్టుకుని తలను బల్లకు అదిమాడు. "కట్టింది నువ్వు. మార్చింది నువ్వు. నా చేతి రాత ఎక్కడైనా ఉందా అందులో?"

"లేదు," అన్నాడు వెన్‌చిన్, చెంప బల్లకు ఆనించే.

సాయంత్రం దాకా ఇంకో కీబోర్డు తగిలించుకుని తెర ముందు కూర్చున్నాడు. ఆ రెండు వరుసలూ తెరిచి చూశాడు. వేళ్ళు మీటల మీదే ఉన్నాయి. చివరికి ఉన్నది ఉన్నట్టు ఒక ఫ్లాపీలోకి ఎక్కించి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పోతూ పోతూ నాలుగో ప్రెస్సు దగ్గర ఆగాడు.

ఇంట్లో ముల్లంగి పులుసు, వేయించిన చేప. ష్యూలువాన్ కనుబొమ కట్టు చూసింది గాని ముందు అన్నం వడ్డించింది. ఫోన్ మోగితే పెయ్‌జెన్ తీసింది. కాసేపు విని, పెట్టేసింది.

"నాన్నా, ఫ్యాక్టరీ నుంచి. అహోక్ బాబాయి అయిదున్నరకి పోయాడట."

ఎవరూ పుల్లలు ముట్టలేదు. పులుసు మీద నూనె చుక్కలు ఒక్కటవుతున్నాయి.

"ఇవాళ పొద్దున నన్ను అడిగాడు, కన్ను బాగుచేయించారా అని," అన్నాడు వెన్‌చిన్. "ఉండనీ అన్నాను."

"ఏది ఉండనీ?"

అతను మొత్తం చెప్పాడు. రెంచీ, రెండు వరుసలు, రెండు నిమిషాలు. చెబుతున్నంతసేపూ ష్యూలువాన్ గరిటెను పిడికిట్లో బిగించి ఉంది. అయ్యాక దాన్ని గోడకేసి కొట్టింది. పులుసు చారికలై కిందికి జారింది.

"లియావ్ కదా చెప్పింది. వాణ్ణి చెప్పుకోమను."

"చెప్పింది అతనే. తోసింది నేను. రేపు ఇన్‌స్పెక్టర్‌కి ఫ్లాపీ ఇచ్చి ఇదే చెబుతాను. ఇవాళ అందులో ఏమీ మార్చలేదు."

"జైల్లో వేస్తే?"

"వేస్తారు."

ఆమె గోడ వంక చూస్తూ నిలబడింది. తర్వాత కూర్చుని, చేపలో ముల్లు లేని ముక్క తీసి అతని గిన్నెలో వేసింది. "తిను. కనీసం తిని వెళ్ళు."

వెన్‌చిన్ జేబులోంచి ఫ్లాపీ తీసి బల్ల మీద పెట్టాడు. దాని పక్కన, కొస నూనెతో నల్లబడిన వెదురుపుల్ల.

ష్యూలువాన్ దాన్ని గొట్టంలో వేయలేదు, కడగనూ లేదు. తొమ్మిది పుల్లలకు దూరంగా, పదోది అలాగే బల్ల మీద ఉంది.