ఎడమ పళ్లెంలో బియ్యం

నేను ఒక తరాజును. రెండు ఇత్తడి పళ్లాలు, ఆరు గొలుసులు, ఒక ఇనుప కడ్డీ, దాని నడుమ ఒక ముల్లు. ఇంతే నా ఆస్తి. బతికినన్నాళ్లూ ఒకే పని చేశాను: ఎదుటివాడు తెచ్చింది ఎంతో చెప్పడం. ఆ పని సరిగ్గా చేశానా అంటే నలభై ఏళ్లు చేయలేదు. అది కూడా దాచకుండా చెబుతాను. ఈ వయసులో దాచుకుని ఏం చేసుకోను?

ఒక చిన్న కార్ఖానాలో పుట్టాను. కడ్డీని నిప్పుల్లో పెట్టి, సుత్తితో సాగదీసి, ఆకురాయితో రాకి, రెండు చేతులూ సమానమయ్యేదాకా ఆ పనివాడు నన్ను వదల్లేదు. అప్పుడు నా ముల్లు నిటారుగా నిలబడేది. గాలి వీచినా ఇటు రెండు, అటు రెండు ఊగి మళ్లీ నడిమికే వచ్చేది. ఆ నిటారుతనం నాకు దక్కింది సరిగ్గా తొమ్మిది రోజులు.

పదో రోజున వీరేశం నన్ను కొని తన కిరాణం దుకాణంలో వేలాడదీశాడు. చెడ్డవాడు కాదు. తెల్లవారుజామునే లేచేవాడు, దుకాణం తానే ఊడ్చుకునేవాడు, పసిపిల్లలకు బెల్లం ముక్క ఊరికే ఇచ్చేవాడు. కానీ నా కుడి పళ్లెం అడుగున ఒక మైనం ముద్ద అంటించాడు. దానిలో ఒక సీసపు బిళ్ల. రెండూ కలిపి యాభై గ్రాములు. ఎడమ పళ్లెంలో రాయి పెడతాడు, కుడి పళ్లెంలో సరుకు పోస్తాడు. సరుకు కిలోకు యాభై గ్రాములు తక్కువ ఉండగానే ముల్లు నిలబడిపోతుంది. కొనేవాళ్ల కళ్లు ఆ ముల్లు మీదే ఉండేవి. పళ్లెం కింద ఏముందో వంగి చూసినవాళ్లు లేరు.

ఒక్కటే భయం. నన్ను ఖాళీగా చూస్తే కుడి పక్క వాలిపోయి కనిపిస్తుంది. అందుకని వీరేశం నన్ను ఎన్నడూ ఖాళీగా ఉంచలేదు. గిరాకీ ఉన్నా లేకున్నా ఎడమ పళ్లెంలో ఒక రాయి ఉండాల్సిందే. ఏడాదికోసారి తరాజులు సరిచూసి ముద్ర వేసే అధికారి వచ్చేవాడు. ఆ ముందురోజు ముద్ద ఊడేది, ఆయన వెళ్లాక మళ్లీ అంటుకునేది. ఏడాదికి ఒకరోజు నేను నిజం చెప్పేదాన్ని, ఆ నిజానికే ముద్ర పడేది.

అంకెలు చూపించే కరెంటు తరాజు వచ్చాక నేను మూలకు చేరాను. పారేయడానికి వీరేశానికి చేతులు రాలేదు. ఊరి ప్రాథమిక పాఠశాలకు దానం ఇచ్చి, ఒక శాలువా కప్పించుకున్నాడు. ముద్ద సంగతి మరచిపోయాడో, ఇన్నేళ్ల అలవాటులో అది కూడా నా ఒంట్లో భాగమే అనుకున్నాడో, అలాగే ఇచ్చేశాడు.

బడి వంటగదిలో ఒక కొక్కేనికి నన్ను తగిలించారు. నలభై రెండు మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. దుకాణంలో రోజుకు వంద అబద్ధాలు ఆడినదానికి ఇక్కడ రోజుకు ఐదు తూకాలే. ప్రార్థన అయ్యాక హాజరు తీస్తారు. ఐదో తరగతి పిల్ల ఒకతె పరుగున వచ్చి తలుపు దగ్గర నిలబడి అరుస్తుంది: "అవ్వా, ఇయ్యాల నలబై రెండు!" తలకు వంద గ్రాముల చొప్పున బియ్యం జోకాలి. ఉన్నది ఒక్కటే కిలో రాయి, కాబట్టి నాలుగుసార్లు కిలో, ఒకసారి చిన్న రాళ్లతో రెండు వందల గ్రాములు. మధ్యాహ్నం పిల్లలు పళ్లాలు పట్టుకుని వరుసగా కూర్చుంటారు. తిన్నాక నల్లా దగ్గర తోసుకుంటూ కడుక్కుంటారు. ఎండలో బోర్లించిన ఆ పళ్లాలను చూస్తూ నాకు కునుకు పట్టేది.

మొదట వండిన ఆవిడ కుడిచేతి వాటం మనిషి. వీరేశం లాగే జోకేది. రోజూ పావుకిలో తక్కువ అన్నం ఉడికేది, నెలాఖరుకు సంచిలో బియ్యం మిగిలేవి. "పొదుపు మనిషి" అని అందరూ మెచ్చుకున్నారు. చివరి వరుస పిల్లలు గిన్నె అడుగు గీకుతుంటే మాత్రం ఎవరికీ అనుమానం రాలేదు. మిగిలిన బియ్యం గురించి ఎవరూ ప్రశ్నలు వేయరు.

ఆవిడ కూతురి ఊరికి వెళ్లిపోయాక కనకవ్వ వచ్చింది. బీడీలు చుట్టి బతికిన మనిషి. ఆ పని నెలకు పది రోజులకు పడిపోయాక, ఈ వంటే ఆమెకు తిండి. ఆమెది ఎడమచేతి వాటం. సంచి ఎడమ పక్కన పెట్టుకుని, ఎడమ చేత్తో తీసి, ఎడమ పళ్లెంలో బియ్యం పోసేది. రాళ్లు కుడి పళ్లెంలో పెట్టేది. అంటే ముద్ద ఇప్పుడు రాయి పక్షాన చేరింది. కిలో అనుకుని ఆమె పోసినప్పుడల్లా యాభై గ్రాములు ఎక్కువ పడేవి. నా బతుకులో మొదటిసారి నా అబద్ధం తినేవాడి వైపు మొగ్గింది. చివరి వరుసలో కూడా అన్నం మిగిలేది. "అవ్వా, ఇంకింత!" అంటే కనకవ్వ లేదనకుండా పెట్టేది.

నెలాఖరు వచ్చేసరికి సంచి ఒకటిన్నర రోజు ముందే ఖాళీ. రెండో నెలా అంతే, మూడో నెలా అంతే. నెలకు ఆరు కిలోలు తక్కువ. మాట బయటికి పొక్కింది. బడి కమిటీలో పెద్ద మనిషి ఎవరనుకున్నారు? దాత వీరేశమే.

ఒక మంగళవారం ఆయన వంటగది గుమ్మంలో నిలబడ్డాడు. పక్కన హెడ్మాస్టరమ్మ హేమలత.

"కనకవ్వా, ముప్పై ఏండ్లు దుకాణం నడిపిన నేను. బియ్యం ఏ తొవ్వ పడ్తయో నాకెరుకలేదా?"

"నా కొంగు ఇప్పి చూడుండ్రి సేటూ. ఒక్క గింజ రాలినా అడుగుండ్రి."

"గింజ గాదు, ఆరు కిలోలు. ఆ పుర్రచెయ్యితోని జోకితే బర్కతు ఎట్లుంటది, సరుకు ఎట్ల నిలుస్తది? శనివారం కమిటీ కూసుంటది. ఇంకో మనిషిని చూస్తం."

కనకవ్వ ఎడమ చేతిని కొంగు కింద దాచుకుంది. మర్నాటి నుంచి కుడి చేత్తో జోకడం మొదలుపెట్టింది. అలవాటు లేని చేతి నుంచి గింజలు కింద పడేవి, ఒక్కొక్కటీ ఏరేది. పాపం, చెయ్యి మార్చింది కానీ పళ్లెం మార్చలేదు. ఆమె కళ్లముందే వేలాడుతూ నేను చెప్పలేకపోయాను. ముల్లు ఉంది నాకు, నోరు లేదు.

శుక్రవారం మూడో తరగతి లెక్కల పాఠం, కిలోలు, గ్రాములు. హేమలత టీచర్ నన్ను తీసుకెళ్లి తరగతి గది కిటికీ ఊచకు కట్టింది.

"జోకే ముందు ఏం చెయ్యాలి?"

"రాయి పెట్టాలె టీచర్!"

"కాదు. ముందు ఖాళీగా చూడాలి. రెండూ సమానంగా ఉన్నాయో లేదో."

రాళ్లన్నీ తీసేసింది. నలభై ఏళ్లలో నన్ను జనం ముందు అలా నిలబెట్టినవాళ్లు లేరు. నా కుడి పక్క మెల్లగా కిందికి వాలింది. సిగ్గుతో చచ్చాను.

"టీచర్, ఇది వంకర తరాజు" అన్నాడు ఓంకార్.

అక్షిత అనే పిల్ల నేల మీద కూర్చుని తల ఎత్తి చూసింది. "కిందికెల్లి ఏదో అంటుకుంది టీచర్! చూయింగ్ గమ్ లెక్కుంది. ఈ ఓంకార్‌గాడే అంటిచ్చిండు!"

"నేను గాదు టీచర్, అమ్మతోడు! నేను మింగుత, అంటియ్య!"

గది నవ్వుల్లో మునిగింది. టీచర్ నవ్వలేదు. ముద్దను గీకలేదు కూడా. యాభై గ్రాముల రాయి ఎడమ పళ్లెంలో పెట్టింది. ముల్లు నిలబడింది. చాక్‌పీసు తీసుకుని పిల్లల చేతే లెక్క చేయించింది. ఒక తూకానికి యాభై. రోజుకు ఐదు తూకాలకు?

"రెండు నూర్ల యాబై!"

నెలకు ఇరవై నాలుగు రోజులకు? పిల్లలు వేళ్లు మడిచారు, నోటుపుస్తకాల్లో గీశారు, పక్కవాడి జవాబు చూసి తిట్టుకున్నారు. చివరికి అక్షిత లేచి, "ఆరు వేల గ్రాములు టీచర్. అంటే ఆరు కిలోలు" అంది. బోర్డు మీద ఆ ఆరు వేసి టీచర్ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

శనివారం కమిటీ కూర్చునే గదిలో నన్ను తలుపు పక్కన వేలాడదీశారు, ఖాళీగా. నలుగురు తల్లులు వచ్చారు. కనకవ్వ గోడకు ఆనుకుని నిలబడింది. వీరేశం లోపలికి వస్తూ నన్ను చూశాడు. ఒంటరిగా, ఒక పక్కకు వాలి ఉన్న నన్ను. ఆయన చెయ్యి తనంతట తానే లేచి, ఎడమ పళ్లెంలో పెట్టడానికి రాయి కోసం బల్ల మీద వెతికింది. ముప్పై ఏళ్ల అలవాటు.

కనకవ్వ ఆ చేతినే చూసింది. అక్కడున్న ఆడవాళ్లందరూ చూశారు.

"తరాజుల తప్పుంది, ఆమె కాడ లేదు" అంది టీచర్.

"మరి తరాజు ఎవరిది?" అని ఒక తల్లి అడిగింది.

కనకవ్వ గొంతు పెంచకుండా అంది: "నేను గూడ మీ దుకాణంలనే ఉప్పు, పప్పు కొన్న సేటూ. పెండ్లయి ఈ ఊరికొచ్చిన కాన్నుంచి."

వీరేశం "ఆమె దొంగ గాదు. రాసుకోండ్రి" అన్నాడు. తర్వాత లేచి, తన బొటనవేలి గోరుతోనే నా ముద్ద గీకి, జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

"పొయ్యి ఆరిపోతది" అని కనకవ్వ కూడా లేచింది. పోతూ పోతూ చెంగు కింద నుంచి ఎడమ చెయ్యి బయటికి తీసింది.

సోమవారం నుంచి తూకం సరిగ్గా ఉంది. మొదటి రోజే చివరి వరుస నుంచి ఒకడు అరిచాడు: "అవ్వా, ఇయ్యాల అన్నం తక్కువైంది!" నిజం తూగినందుకు నాకు దక్కిన మొదటి మెచ్చుకోలు అది.

ఆ నెలాఖరున వీరేశం బడికి వచ్చాడు. భుజాన ఒక చిన్న బియ్యం సంచి. వంటగదికి పోకుండా మూడో తరగతి గదికి వచ్చాడు; రోజూ పిల్లల ముందే జోకాలని నన్ను అక్కడే ఉంచేశారు. మనిషి వడలిపోయాడు. నాకంటే ఎక్కువ.

"ఆరు కిలోలు. దీని మీదనే జోకుండ్రి బిడ్డా" అన్నాడు.

"ముందుగాల ఖాళీగ చూడాలె తాతా" అంది అక్షిత.

ఆయన నిలబడి ఆగాడు. ఇటు రెండు, అటు రెండు ఊగి నా ముల్లు నడిమికి వచ్చింది. పిల్లలు వంతులవారీగా పోశారు. ఒకటి, రెండు, మూడు. ఆరో కిలో తూగాక సంచి అడుగున ఇంకా కొంత మిగిలింది. దాన్నీ జోకారు. సరిగ్గా మూడు వందల గ్రాములు.

"తాతా, లెక్క తప్పినవ్. ఎక్కువ తెచ్చినవ్" అన్నాడు ఓంకార్.

"ఉండనియ్ రా" అన్నాడు వీరేశం.

ఆరు కిలోలకు మూడు వందలు, అంటే కిలోకు యాభై. ఆ చెయ్యి లెక్క తప్పేది కాదని నాకు తెలుసు. ఊరందరికీ తిరిగి ముట్టాలంటే ఇలాంటి సంచులు ఎన్ని కావాలో కూడా తెలుసు. ఆయన వయసు డెబ్బై రెండు. నా గొలుసులు తుప్పు పట్టాయి. ఇద్దరికీ కాలం చాలేటట్టు లేదు. పిల్లలు రాళ్లు తీసేసి ఆటకు పరుగెత్తారు. నేను ఖాళీగా, నిటారుగా, కిటికీ దగ్గర ఉండిపోయాను.