గడప బయటి తపేలా

నేను ఒక నీచు తపేలాను. అంటే మాంసం, చేపలు మాత్రమే వండే గిన్నెను. ముప్పై ఒక్క ఏళ్లు వంటింటి గడప బయటే బతికిన నేను, ఒక ఆదివారం ఒక మోసంలో పాలుపంచుకున్నాను.

రాజమండ్రిలో పోత పోసేవాళ్ల కొలిమిలో పుట్టాను. విరిగిన మోటారు ముక్కలు కరిగించి, ఇసుక అచ్చులో పోసి, దళసరి అడుగుతో నన్ను బయటికి లాగారు. కొన్నవాడు పల్లాలరావు, గూడ్సు రైలు గార్డు. సామర్లకోట స్టేషన్ వెనక ఆయన ఇల్లు. భార్య హైమవతి ముక్క ముట్టని కుటుంబంలో పుట్టింది, పుట్టింటివాళ్లను కాదనుకుని ఆయన్ని చేసుకుంది. నన్ను చూసిన రోజే షరతు పెట్టింది.

"తినొద్దనను. ఆ గిన్నె మాత్రం నా వంటింట్లోకి రాకూడదు. వండుకోవడం, తోముకోవడం మీరే."

అలా పెరట్లో జామచెట్టు కింద, తోముడురాయి పక్కన నా కాపురం. ఆరు రోజులు ఎండ, వాన, పిల్లులు. ఏడో రోజు మూడు ఇటుకలు, కట్టెల మంట, మేక మాంసం. కూర దిగగానే పల్లాలరావు గరిటెతో నా అంచు మీద రెండుసార్లు కొట్టేవాడు. దబ్, దబ్. గోడ అవతలి నుంచి ఆవిడ గొంతు వచ్చేది: "అయిందా? చేతులు కడుక్కుని రండి."

నా కూర తిన్న మనిషిని పక్కన కూర్చోబెట్టుకునేది. నన్ను మాత్రం గడప తొక్కనిచ్చేది కాదు. మనుషుల లెక్క ఏమిటో నాకెప్పుడూ అర్థం కాలేదు. లోపలి స్టీలు గిన్నెలు ఒకదానికొకటి తగిలి గలగలమంటుంటే, నేను వానచుక్కలతో మాట్లాడుకునేవాణ్ని.

ముప్పై ఒకటో ఏడు మాఘమాసంలో హైమవతి ఆసుపత్రి నుంచి సగమై తిరిగొచ్చింది. నోటికి రుచి పోయింది. రెండు చెంచాల జావ తాగి మొహం తిప్పుకునేది. ఈ వారంలో అన్నం తినకపోతే మళ్లీ తీసుకొచ్చేయండి, ముక్కుకు గొట్టం వేస్తాం అన్నాడు డాక్టరు.

"ఏం తింటావో చెప్పు హైమా," అని బతిమాలాడు ఆయన.

"మీ ఆదివారం వాసన," అంది ఆవిడ. "ఇన్నేళ్లూ గోడవతల నుంచి పీల్చాను. నేను తినగలిగేది ఏదైనా అలా వండగలరా?"

ఆదివారం పొద్దున్నే లేత పనసకాయ మోసుకొచ్చాడు. చేతులకు, కత్తికి నూనె రాసుకుని చెక్కు తీసి, పెద్ద ముక్కలు కోసి మజ్జిగనీళ్లలో వేశాడు. సగం ముక్కలు వంటింటి గిన్నెలో పెట్టాడు. ఆ కూర గంటన్నర సన్నసెగ మీద మగ్గాలి. పల్చటి స్టీలు గిన్నె అరగంటకే అడుగంటింది. మాడు కంపు ఇల్లంతా పాకింది. లోపల ఆవిడ దగ్గు.

పల్లాలరావు పెరట్లోకొచ్చి నా ముందు నిలబడ్డాడు. మిగిలిన ముక్కలు నల్లబడుతున్నాయి. ఆదివారం కదా, బజార్లో గిన్నెల కొట్లు మూసి ఉన్నాయి. ఒకసారి గోడవైపు చూశాడు.

నన్ను మూడుసార్లు బూడిదతో, చింతపండుతో తోమాడు. ఖాళీగా మంట మీద పెట్టి పొగలొచ్చేదాకా కాల్చాడు. గరిటెనూ కాల్చాడు. తర్వాత నూనె, లవంగం, చెక్క, ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి, గసగసాలు కొబ్బరి ముద్ద. ముక్కలు వేసి మూత పెట్టి, మూత మీద నిప్పులు పోశాడు.

పక్కింటి మంగతాయి ప్రహరీ మీంచి తల పెట్టింది. "ఏంటి అన్నయ్యగారూ, వదిన మంచం మీదుంటే మేకని కోసేశారా?"

"పనసకాయమ్మా! నెమ్మదిగా మాట్లాడు!"

"పనసకాయకి ఈ గిన్నెంటండీ? వదినకి తెలిస్తే మిమ్మల్నీ జామచెట్టు కిందే పడుకోబెడతాది!"

మంగతాయి నవ్వుతూ దిగిపోయింది. ఆయన నవ్వలేదు.

మధ్యాహ్నానికి ముక్క పీచుపీచుగా విడిపోయింది. అలవాటు చెయ్యి ఆగుతుందా? దబ్, దబ్. కొట్టాక గరిటె గాల్లోనే ఆగిపోయింది. గోడవతల చప్పుడు లేదు.

పెరటి తలుపు తెరిచే ఉంది. కూర చిన్న గిన్నెలోకి తీసి పట్టుకెళ్లాడు. ఆవిడ ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇంకో ముద్ద. మూడోది.

"గరిటె రెండుసార్లు కొట్టారు," అంది తలెత్తకుండా. "నా గిన్నెలేవీ అలా మోగవు."

ఆయన వడ్డించబోయిన గరిటె వెనక్కి తీసుకున్నాడు.

"విన్నాకే తిన్నాను. అలా బిగుసుకుపోయారేం? ఇంకో ముక్క వెయ్యండి." ఆ ముక్కా తిని, "సాయంత్రం దాన్ని లోపల పెట్టండి. ఎన్నాళ్లని వానలో తడుస్తుంది," అంది.

ఆ సాయంత్రం గడప దాటాను. డాక్టరు గొట్టం అవసరం పడలేదు. ఎనిమిది ఆదివారాలు ఆవిడ ఆ ఒక్క కూరే అడిగింది. తొమ్మిదో వారానికి చెట్ల మీద కాయలు పండడం మొదలైంది. పండినదాన్ని అలా వండలేం. ఆ వారమే ఆవిడ నిద్రలో వెళ్లిపోయింది.

ఇప్పుడు వంటింటి అరలో నాది ముందు చోటు. పక్కన ఆవిడ స్టీలు గిన్నెలు బోర్లించి ఉన్నాయి, ఒక్కటీ మోగదు. పెరట్లో కనీసం పిల్లులుండేవి. పల్లాలరావు హోటల్ నుంచి పొట్లం తెచ్చుకుని, గుమ్మంలో కూర్చుని తింటాడు.

మళ్లీ మాఘం వచ్చింది. నిన్న ఆదివారం లేత పనసకాయ తెచ్చాడు. ఒక్కడికి ఎక్కువైనా కాయంతా కోశాడు. నన్ను పొయ్యి మీద పెట్టి, గంటన్నర సెగ చూస్తూ నిలబడ్డాడు. కూర అయింది. గరిటె ఎత్తి నా అంచు దాకా తెచ్చాడు. ఆవిడ మంచం ఉన్న పక్క గదివైపు ఒకసారి చూశాడు.

గరిటెను చప్పుడు కాకుండా పళ్లెంలో పెట్టాడు.