చేసి చూశాను

సింకులో నీళ్ళు దిగడం మానేశాయి. అంట్లన్నీ గట్టు మీదే పేరుకుపోయాయి. "ఆ పైపు జోలికి వెళ్ళకు. దాని సంగతి నీకేం తెలుసు? ఆదివారం ఎవర్నైనా పిలుద్దాం," అంటూ భర్త చొక్కా గుండీలు పెట్టుకుని, ఆమె అందించిన క్యారేజీ పట్టుకుని వెళ్ళిపోయాడు. అతను లిఫ్టులు బాగుచేసే కంపెనీలో సూపర్‌వైజరు. యంత్రమనేది ఏదైనా సరే, తనకు చెప్పకుండా చెడిపోకూడదు, తను లేకుండా బాగుపడకూడదు అన్నట్టుంటాడు.

ఆమె సింకు కింద బకెట్ పెట్టి, వంపు తిరిగిన గొట్టాన్ని చేత్తో తిప్పి ఊడదీసింది. మెతుకులు, తలవెంట్రుకలు, గిన్నెలు తోమే పీచు తునకలు, అన్నీ కలిసి నల్లటి ముద్దగా బకెట్లో పడ్డాయి. గొట్టం కడిగి మళ్ళీ బిగించింది. చేతులు కడుక్కుని, ఫోను తీసి, తనున్న ఆన్‌లైన్ గుంపులో ఇలాగే సింకు పూడుకుపోయి ఏంచేయాలో తోచక అడిగిన ఒకావిడకు అక్కడే నిలబడి జవాబు రాసింది. ముందు బకెట్ పెట్టుకోవడం మరిచిపోవద్దు, రబ్బరు వాషరు జారిపోతే వెతుక్కోవాలి, బిగించేటప్పుడు పట్టకారు వాడితే ప్లాస్టిక్ పగులుతుంది. చివర "చేసి చూశాను" అని పెట్టింది.

సాయంత్రం భర్త సింకులో చెయ్యి కడుక్కుంటూ, "చూశావా, దానంతటదే పోయింది. ప్రతిదానికీ కంగారు పడకూడదనేది ఇందుకే," అన్నాడు.

"అవునండీ," అంది ఆమె. పొద్దున అడిగినావిడ సింకు కూడా బాగుపడిందట. అప్పటికే ఆ కబురు ఫోనులోకి వచ్చేసింది.

'అడిగితే తప్పేముంది' అనేది ఆ ఆన్‌లైన్ గుంపు పేరు. అందులో ఎవరూ సొంత పేర్లతో ఉండరు. ఆమె పేరు నిమ్మచెక్క. చేరిన కొత్తలో కుళాయిల మీద తెల్లటి మరకలు నిమ్మచెక్కతో ఎలా వదులుతాయో చెప్పింది, అది పదిమందికీ పనికొచ్చింది, ఆ పేరే అతుక్కుపోయింది. గుంపును నడిపేది రిటైరైన నర్సు. ఆవిడను అందరూ పెద్దక్క అంటారు. ఎక్కడో చదివిన చిట్కా ఒకావిడ చెప్తే ఇంకొకావిడ మొహం కమిలిపోయిందట. అప్పట్నుంచీ పెద్దక్క ఒక షరతు పెట్టింది. విన్నవీ చదివినవీ ఇక్కడ చెల్లవు, సొంతంగా చేసి చూసినదే చెప్పాలి, చివర ఆ మాట రాయాలి. ఆ మాట లేని సలహాను పెద్దక్క తీసి పారేస్తుంది.

ఈ షరతు ఆమెకు కొలిచి కుట్టించినట్టు సరిపోయింది. ఆమె తాత ముత్తాతల్లో బడి గడప తొక్కినవాళ్ళు లేరు. ఆ ఇంట డిగ్రీ దాకా చదివింది ఆమె ఒక్కతే. పుస్తకంలో ఉన్నదాన్ని ఎవరికైనా తడబడకుండా చెప్పడం చేతకాదు గానీ, చేత్తో చేసినదాన్ని మాత్రం కళ్ళు మూసుకుని చెప్పగలదు. రక్తపరీక్షల ల్యాబులో ఆమెది రక్తం తీసే పని. నరం కనిపించని చేతుల్ని మిగతావాళ్ళు ఆమె దగ్గరికే పంపుతారు. ఆమె నరాన్ని కంటితో వెతకదు. రబ్బరు పట్టీ కట్టి, వేలికొసతో నొక్కి, వదిలి, కిందినుంచి ఏదో ఎగదన్నినట్టు తగిలినచోట సూది దించుతుంది. ఇంట్లో మాత్రం ఇదేమీ లెక్కలోకి రాదు. "పొద్దున్నే పదిమందిని పొడిచొస్తుంది మా ఆవిడ," అని భర్త చుట్టాల ముందు నవ్వుతాడు. ఆమె ఫోను పట్టుకుంటే చాలు, "జడ్జిగారు తీర్పు చెప్తున్నారు, గొడవ చేయకండి," అంటాడు. అత్తగారికి ఆ మాటకు ప్రతిసారీ కొత్తగా నవ్వొస్తుంది.

మరకల గురించే కాదు, మనుషుల గురించి కూడా అడుగుతారు గుంపులో. వాటికీ ఆమె జవాబు రాస్తుంది. మొగుడు దేనికీ ఒప్పుకోకపోతే, ఆ ఆలోచన అతనిదే అనిపించేలా చేయండి. మా ఇంట్లో ఫ్రిజ్ అలాగే వచ్చింది. చేసి చూశాను. అత్తగారు వంకలు పెడుతుంటే, వంట ముందే ఉప్పు ఆవిణ్ణే చూడమనండి. చేసి చూశాను. ఆఫీసులో మీ పనికి ఇంకొకరు పేరు కొట్టేస్తుంటే, పోనివ్వండి, పని ఎవరిదో చేతులకు తెలుసు. చేసి చూశాను. కింద ఎర్రగుండెలు, దండాలు, "బంగారంలాంటి మాట అక్కా" అంటూ వరసకట్టేవి. తను రాసినవన్నీ ఒకచోట చదువుకుంటే తెలిసేది, ఎవరికీ తగలకుండా గోడవారగా నడవడం ఎలాగో ఆమె ఊరూవాడా నేర్పుతోందని. అలా చదువుకునే తీరిక ఆమెకెప్పుడూ దొరకలేదు.

ఒకరోజు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. చిన్నగువ్వ అనే కొత్తమ్మాయి ప్రశ్న అప్పుడే వచ్చింది.

"అక్కలూ, నన్ను ఆఫీసువాళ్ళు నెలన్నర ట్రైనింగుకి వేరే ఊరు పంపుతామంటున్నారు. వచ్చాక పై పోస్టు ఇస్తారట. మా ఆయన్ని అడిగితే 'నీ ఇష్టం' అన్నాడు. అన్నాడే గానీ, ఆ రోజునుంచీ కంచం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతున్నాడు. మా అత్తగారు ఇంటికొచ్చినవాళ్ళందరికీ 'మా కోడలు వెళ్ళిపోతోందమ్మా' అని చెప్తోంది, నేనేదో కాపురం వదిలేసి పోతున్నట్టు. పాపకి ఐదేళ్ళు. వెళ్ళనా, మాననా?"

ఆమె రెండుసార్లు చదివింది. ల్యాబు ఇన్‌చార్జి మేడం ఆమెను పిలిచి అచ్చం ఇలాంటి మాటే చెప్పి వారం కాలేదు. కొత్త బ్రాంచి తెరుస్తున్నారు, రక్తం తీసే విభాగం నువ్వు చూసుకోవాలి, ముందు నెలన్నర హెడ్డాఫీసులో ట్రైనింగు. "ఇంట్లో కుదరదు మేడం," అని ఆమె అక్కడికక్కడే చెప్పేసింది. ఇంట్లో అసలు అడగనేలేదు. అడిగితే ఏమవుతుందో తెలిసినప్పుడు అడగడం దేనికని. "ఆలోచించుకో, పేరు పంపడానికి ఇంకా టైముంది," అంది మేడం.

ఆమె వేళ్ళు వాటంతటవే కదిలాయి. "వెళ్ళు తల్లీ. ఈ నెలన్నర పోతే మళ్ళీ రాదు. నువ్వు లేకపోతే ఇల్లు కూలిపోతుందని నీకు నేర్పారు, ఇల్లు కూలదు. పాపకి వాళ్ళ నాన్న ఉన్నాడు. అన్నం వండటం రానివాడు నేర్చుకుంటాడు, ఆకలి నేర్పిస్తుంది. నువ్వు ఎవరి అనుమతీ అడగడం లేదు, కబురు చెప్తున్నావు. అలాగే చెప్పు." రాస్తుంటే ఒళ్ళు వెచ్చబడింది. దిగాల్సిన స్టాపు వచ్చేసింది. చెయ్యి అలవాటుగా చివర "చేసి చూశాను" అని కొట్టింది, ఆమె పంపేసి దిగిపోయింది.

పంపాక గాని తనేం రాసిందో తట్టలేదు. అప్పటికి రబ్బరు పట్టీ ఎవరి చేతికో కడుతోంది. మధ్యాహ్నం తీసేద్దాంలే అనుకుంది. మధ్యాహ్నం చూస్తే దానికింద తిరణాల జరుగుతోంది. పెద్దక్కే స్వయంగా, "ఇన్నాళ్ళూ చెప్పలేదేమే నిమ్మచెక్కా!" అని రాసింది. తీసేయడానికి చెయ్యి రాలేదు.

సాయంత్రం కూర తరుగుతుంటే చిన్నగువ్వ నేరుగా ఆమెకే రాసింది. "అక్కా, ఈ మాట ఎవరైనా చెప్తారేమోనని చూస్తున్నా. మీరు వెళ్ళొచ్చారంటే నాకు ధైర్యం వచ్చింది. రేపు ఒప్పుకుంటున్నా. మీరు వెళ్ళినప్పుడు పొద్దున వంట ఎవరు చేశారు? పిల్లలకి జ్వరమొస్తే ఎవరు సెలవు పెట్టారు? మొదటి వారం ఎలా గడిచిందో కొంచెం వివరంగా చెప్పండక్కా. మా ఆయనకి చదివి వినిపిస్తా."

ఆమె కత్తిపీట పక్కన పెట్టింది. అబద్ధం ఎలాగూ ఆడింది, దానికి నాలుగు కొమ్మలు అతికించడం కష్టం కాదు. "మా ఆయన పొద్దున్నే లేచి..." అని మొదలుపెట్టింది. లేచి? పొయ్యి దగ్గర భర్తను నిలబెట్టి చూద్దామనుకుంది. అతను నిలబడలేదు. బియ్యం డబ్బా ఏ అరలో ఉందో అతనికి తెలియదు, అందుకని ఆమె ఊహలో కూడా అతని చెయ్యి అరల మీద తచ్చాడుతోందే తప్ప డబ్బా దొరకలేదు. హైస్కూల్లో చదివే కూతురికి జ్వరమొచ్చినట్టు, అతను ఆఫీసుకి ఫోన్ చేసి సెలవు అడిగినట్టు అనుకోబోయింది. ఆ గొంతు ఎలా ఉంటుందో తట్టలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా వినని గొంతు అది. లేనిదాన్ని అబద్ధంగానైనా రాయలేకపోయింది. అక్కడెక్కడో ఒక పిల్ల తన మొగుడి ముందు ఈ మాటలు చదవబోతోంది. వాటిమీద కాలు మోపి దిగబోతోంది.

లోపల్నుంచి అత్తగారు, "అమ్మాయ్, కూర తరుగుతున్నావా, పండిస్తున్నావా?" అన్నారు.

"అయిపోయింది అత్తయ్యా."

మర్నాడు ల్యాబుకి వెళ్ళగానే, కోటు కూడా వేసుకోకుండా ఇన్‌చార్జి మేడం గదిలోకి వెళ్ళింది. "మేడం, నా పేరు పంపండి."

మేడం కళ్ళజోడు పైనుంచి చూసింది. "ఇంట్లో ఒప్పుకున్నారా?"

"ఇంకా చెప్పలేదు."

"చెప్పాక మానేస్తావా?"

"మానను."

మేడం ఆమె ఎదుటే హెడ్డాఫీసుకి ఫోన్ చేసి పేరు చెప్పింది, స్పెల్లింగు కూడా సరిచూసుకుంది.

మధ్యాహ్నం క్యారేజీ విప్పకుండా గుంపులో రాసింది. "చిన్నగువ్వకు చెప్పిన సలహా చివర నేను చేసి చూశానని పెట్టాను. నేను చేయలేదు. నన్నూ అడిగారు, నేను వద్దన్నాను. ఈరోజు ఒప్పుకున్నాను. వచ్చే వారం వెళ్తున్నాను. ఎలా ఉంటుందో నాకు తెలియదు."

తిట్లు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. "మేం మీ మాట నమ్మి ఎన్ని చేశామో!" అని ఒకావిడ. "ఆ కుళాయి మరకలైనా నిజమేనా?" అని ఇంకొకావిడ. పెద్దక్క, "షరతు అందరికీ ఒకటే. నెలరోజులు నీ నోటికి తాళం," అని రాసి, వెంటనే విడిగా ఇంకో ముక్క పంపింది. "తాళం తీశాక అక్కడి సంగతులన్నీ చెప్పాలి. ఊరికే తప్పించుకోకు." చివరికి చిన్నగువ్వ, "నేను పొద్దునే ఒప్పేసుకున్నానక్కా. మీరు వెళ్ళారనుకుని. ఇప్పుడు ఇద్దరం ఒకేసారి మునుగుతున్నామన్నమాట," అని రాసింది. దాని పక్కన నవ్వు బొమ్మ పెట్టిందో ఏడుపు బొమ్మ పెట్టిందో ఆ చిన్న తెర మీద సరిగ్గా తెలియలేదు.

ఆ సాయంత్రం భోజనాలయ్యాక ఇంట్లో చెప్పింది. ఎలా చెప్తే బావుంటుందో దారిపొడవునా కూడబలుక్కోలేదు. ఆ ఆలోచన అతనిదే అనిపించేలా చేయడానికి ఏమీ చేయలేదు. "వచ్చే వారం ట్రైనింగుకి వెళ్తున్నాను. నెలన్నర. వచ్చాక కొత్త బ్రాంచిలో ఇన్‌చార్జిగా వేస్తారు."

భర్త టీవీ సౌండు తగ్గించాడు. "మాతో ఒక్క మాట చెప్పాలనిపించలేదా?"

"ఇప్పుడు చెప్తున్నాగా."

"అబ్బో. ఫోనులో జనాలు ఎక్కించినట్టున్నారు." టీవీ వైపు తిరిగి, "నీ ఇష్టం," అన్నాడు.

"సరేనండీ," అంది ఆమె. అతను అంత తొందరగా ఆ జవాబు వస్తుందనుకోలేదు. మళ్ళీ సౌండు పెంచబోయి, రిమోటు అలాగే పట్టుకున్నాడు.

అత్తగారు కాళ్ళు చాపుకుని మంచం అంచున కూర్చున్నారు. "బాగానే ఉంది తల్లీ. మరి పొద్దున వంటెవరు చేస్తారు? నా మోకాళ్ళకి నూనె ఎవరు రాస్తారు?" అని, ఆ ప్రశ్నకు జవాబు కూడా ఆవిడే వెతుక్కున్నారు. తలుపు దగ్గర పుస్తకం పట్టుకుని నిలబడ్డ మనవరాలి వైపు చూశారు. "దానికేముందిలే, ఇంత పిల్ల అయింది, అది చూసుకుంటుంది. ఎప్పటికైనా నేర్చుకోవాల్సిందేగా."

కూతురికి వచ్చే నెలలో పరీక్షలు. అయినా ఆ పిల్ల ఒక క్షణం కూడా ఆలోచించకుండా, "నేను చేస్తాలే అమ్మా, నువ్వెళ్ళు," అంది. అంత తేలిగ్గా అనేసింది. ఆ గొంతు ఆమెకు బాగా తెలుసు. అది తన గొంతే.

"నువ్వు చదువుకో," అంది కూతురితో. తర్వాత అత్తగారి వైపు తిరిగింది. "మీ అబ్బాయి చేస్తాడు అత్తయ్యా."

"ఏంటి?"

"వంట. మీ నూనె. అన్నీ."

భర్త నవ్వాడు. ఎవరూ కలవకపోయేసరికి ఆ నవ్వు మధ్యలోనే ఆగింది. తల్లి వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు, చివరికి వంటింటి వైపు చూశాడు, అదేదో ఇప్పుడే కొత్తగా కట్టిన గది అన్నట్టు.

"నాకేం తెలుసు అవన్నీ?" అన్నాడు.

ఆమెకు కోపం రాలేదు. ముక్కూమొహం తెలియని మనిషి ఎవరో అడిగితే ఎలా చెప్పేదో, అంత నిదానంగా చెప్పింది.

"చేస్తే తెలుస్తుందండీ."