దండు అడుగు పెట్టరాని ఊరు

నేను ఒక పొలిమేర రాయిని. పల్నాటి కొండలో పుట్టిన సున్నపురాయి పలకని. సామ్రాజ్యం మంచి ఊపు మీదున్న రోజుల్లో రాజుగారికి పుణ్యం మీదికి మనసు పోయింది. యాగాలు చేయించినవాళ్ళకి ఊళ్ళిచ్చాడు, బౌద్ధ భిక్షువులకి ఊళ్ళిచ్చాడు. ఇచ్చిన ప్రతి ఊరి పొలిమేరలో ఒక రాయి నాటించాడు. నా ఒంటి మీద చెక్కించింది ఇది: ఈ ఊరు విహారానిది. ఇందులో రాజు దండు అడుగు పెట్టరాదు. పెట్టినవాడూ, ఈ రాయి పెకలించినవాడూ పురుగై పుడతారు.

మనుషులు శాపాన్ని కూడా ఎంత గుండ్రటి అక్షరాల్లో చెక్కుకుంటారో!

నన్ను నాటిన రోజు ఊరు పండగ చేసుకుంది. ఎందుకు చేసుకోదు? దండు దిగిందంటే పాలు పట్టుకుపోయేవాళ్ళు, మంచాలు మోసుకుపోయేవాళ్ళు, ఎడ్లను విప్పుకుపోయేవాళ్ళు. రేవసిరి అనే రైతమ్మ పాడిగేదె అలాగే పోయింది. నేను వచ్చాక ఆమె దడి తలుపు తెరిచి పెట్టి నిద్రపోయింది. అది బుద్ధుడి చలవంటే కాదనను.

ఏళ్ళు గడిచాయి. కుప్పలు నూర్చే కాలంలో ఏటి అవతల పరాయి రాజు దండు దిగింది. ఊరు మూటలు సర్దుకుని కొండ దారి పట్టింది. రేవసిరి మాత్రం కదల్లేదు. నా పక్కనే ఉన్న ఆమె ఇంట్లో కోడలు నొప్పులు పడుతోంది.

అప్పుడు మా రాజు దండు వచ్చింది. వచ్చి, నా ముందు ఆగింది. నాయకుడు ఖందనాగు చదువొచ్చినవాడు, అదీ చిక్కు. నన్ను చదివాడు. గుర్రం దిగి దణ్ణం పెట్టాడు.

"రేవు ఊరికి అటుపక్కన ఉందయ్యా. ఊళ్ళోంచి పోతేగాని అందదు," అంది రేవసిరి బయటికొచ్చి.

"తెలుసమ్మా. రాత ఉందిగా."

"అవతలివాళ్ళకి అడ్డం రాదా ఈ రాత?"

"వాళ్ళది వేరే రాజు."

విహారం పెద్ద, ముసలి భిక్షువు, కబురు విని వచ్చాడు. మీరు సెలవిస్తే పోతాం స్వామీ అన్నాడు ఖందనాగు.

"నా ఒక్కడి మాట చెల్లదు నాయనా. ఊరు సంఘానిది. సంఘం పున్నమికి కూడుతుంది."

"పున్నమి ఎప్పుడు?"

"నిన్ననే వెళ్ళింది."

దండు నీడ చూసుకుని కూలబడింది. అవతలి ఒడ్డున తెప్పలు నీళ్ళలోకి దిగుతున్నాయి.

రేవసిరి ఇంట్లోకి పోయింది. ఏడవడానికి పోయిందనుకున్నాను. గునపం పట్టుకొచ్చి నా మొదట్లో దింపింది.

"పురుగై పుడతావమ్మా," అన్నాడు ఖందనాగు మెల్లగా.

"పుడతాలే. పురుగుకి కోడలుండదు, ఈ తిప్పలుండవు. జరుగు."

భిక్షువు ఆపమనలేదు. అటు తిరిగి కొండకేసి చూస్తూ నిలబడ్డాడు. ఆ వీపు చెప్పింది నాకు అర్థమైంది.

నేను ఒరిగాను. ఆమె నాకు పగ్గం కట్టి, తన ఎడ్లతో ఊరి నడి వీధిలోంచి ఈడ్పించి, రేవు ఒడ్డున నీళ్ళలో పడేసింది. వెనక్కొచ్చి ఖందనాగుతో అంది: "విహారంవారి పొలిమేర ఇప్పుడు ఏట్లో ఉంది. నువ్వు ఊళ్ళోకి రావచ్చు."

అతను ఆమెకి దణ్ణం పెట్టాడు, నాకు పెట్టినట్టే. దండు వీధి వెంట పరిగెత్తి రేవు పట్టింది. పొద్దు వాలేలోగా తెప్పలు వెనక్కి మళ్ళాయి. కోడలు ఆడపిల్లని కంది.

కొన్నాళ్ళకి రాజోద్యోగి ఒకడొచ్చాడు, రాయిని మళ్ళీ నాటమని.

"నాటం. దండు పాలడిగితే పోస్తాం. ప్రాణం పోతే ఎవరు పోస్తారు?" అంది రేవసిరి. పిలిచినా ఒక్క మనిషి నన్ను లేపడానికి చెయ్యి వెయ్యలేదు.

ఆ ఊరు నిలిచింది. సామ్రాజ్యం నిలవలేదు. తక్కిన ఊళ్ళలో రాళ్ళు నిటారుగా నిలబడే ఉన్నాయి, వాటి ముందు దండ్లూ నిలబడే ఉన్నాయి. ఇప్పుడు కొందరు యాగాలు ముంచాయంటారు, కొందరు విహారాలు ముంచాయంటారు. నేను ఒప్పుకోను. బుద్ధుడు నా మీద ఒక్క అక్షరం చెక్కలేదు. హోమగుండం ఏ గుర్రాన్నీ ఆపలేదు. దేవుడి పేరు చెప్పి కంచె వేసుకున్నదీ, ఆపదలో ఆ కంచెకే జడిసి ఆగిందీ మనుషులే.

మొన్న ఒకాయన మోకులు, మనుషులతో వచ్చాడు. మ్యూజియంలో నిలబెట్టి, చుట్టూ తాడు కట్టి, ఎవరూ దగ్గరికి రాకుండా బోర్డు పెడతాడట.

ఎంత లాగినా లేవలేదు నేను.